పొట్టుకు కాళ్లుండవు

బావగారూ,

మీరు తెలిసే అబద్ధం రాశారు. మా బడి వంటగది పిండిబస్తాల్లో ఉన్నవి పురుగులు కావు, పొట్టు ముక్కలేనని తనిఖీ నివేదికలో మీ సంతకం ఉంది. దాన్ని పట్టుకునే, ఆ పిండి పిల్లలకు వండనన్న వంటమనిషిని పనిలోంచి తీసేశారు. సోమవారం ఆమె విచారణ.

నా మొదటి ఫోటోలు చూసి, "మరదలుగారూ, ఇవి ఫోటోలా, పొగమంచా?" అని అక్క ముందు నవ్వారు. నిజమే, మసకగానే వచ్చాయి. నువ్వుగింజంత ప్రాణిని అంత దగ్గరగా తీస్తుంటే, నేను ఊపిరి వదిలినా ఫోకస్ తప్పుతుంది.

నిన్న మిర్రర్‌లెస్ కెమెరాలో ట్రాకింగ్ పెట్టి, వరసగా నలభై తీశాను. తెరమీది చిన్న ఫోకస్ చతురస్రం పురుగును వదలకుండా వెంబడించింది. అది బస్తా కుట్టు నుంచి గరిటె అంచు దాకా పాకింది. ఆరు కాళ్లూ లెక్కపెట్టొచ్చు. సామాన్లు తీసుకెళ్లడానికొచ్చిన వంటమనిషి తొంగిచూసి, "టీచరమ్మా, మీ బావగారి పొట్టు షికారుకెళ్తోంది" అని నవ్వబోయి ఏడ్చేసింది.

ఏరి పంపానంటారని, మసకబారిన తొమ్మిదీ కలిపి మొత్తం నలభై ఫోటోలూ పంపుతున్నాను. మీ మనవరాలి కంచంలోనైతే ఇది పొట్టేనా? పేదపిల్లల కంచం దగ్గరే మీ చూపు ఆనదేం?

అక్క మొహం చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక ఊరుకోను. సోమవారంలోగా:

బస్తాలకు సీలు వేయించండి.
నివేదిక వెనక్కి తీసుకోండి.
ఆమెను తిరిగి పనిలో పెట్టమని రాసివ్వండి.
విచారణకు వచ్చి, తనిఖీనాడు నేను కళ్లారా చూసిందే, ఒక్క బస్తా కూడా విప్పకుండానే సంతకం చేశానని మీ నోటితో చెప్పండి.