కత్తెర చూసి కొన్న షేర్లు

సుశీలా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నువ్వు కొన్న మందుల కంపెనీ షేర్లు నా పేరుకి మారాయి.

మనమ్మాయి పొద్దున్నే మొదలుపెట్టింది. "నాన్నా, అమ్మ షేర్లు బేచ్ దో, అమ్మేయండి. అవి కదలవు. సాఫ్ట్‌వేర్ చూడండి, ఎలా పరిగెడుతోందో!"

ఇన్నేళ్లూ నీతో నేను వాదించిందీ అదే. "మీ కంప్యూటర్ ఒక రోజు కట్టేస్తే ఏమీ కాదు. బీపీ మాత్ర ఆపి చూడండి," అనేదానివి. సరోజినీ నగర్ మందుల షాపులో నిలబడి, షాపతను ఏ కంపెనీ మాత్రల స్ట్రిప్పులు ఎక్కువగా కత్తిరిస్తున్నాడో చూసి షేర్లు కొన్నదానివి నువ్వు. నేను నవ్వేవాణ్ణి.

అమ్మకం కాగితం నింపాను. సంతకం ఒక్కటే మిగిలింది. సాయంత్రం అదే షాపుకి వెళ్లాను. డాక్టరు నిన్న నాకూ బీపీ మాత్ర రాశాడు.

"రోజుకొకటి, అంకుల్‌జీ. బంద్ మత్ కర్‌నా, ఆపొద్దు," అంటూ షాపతను పది మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. స్ట్రిప్పు వెనక నీ కంపెనీ పేరు ఉంది.

ఇంటికొచ్చి కాగితం పక్కన పెట్టేశాను. సాఫ్ట్‌వేర్ మీద నా మాట నేను మార్చుకోలేదు. కానీ నీ కంపెనీకి ఈ రోజు నుంచి నేనూ ఒక కస్టమర్‌ని.