స్నానానికి ముందు మాత్ర

రమ్యా,

నువ్వు ప్రాణం తీసుకుని నేటికి ఏడాది. నీకున్న థైరాయిడ్ జబ్బే మీ చెల్లి చిన్నికీ ఉందని నిన్న తేలింది. తిరుపతి డాక్టరమ్మ దాన్ని సూటిగా అడిగింది, చచ్చిపోవాలనిపిస్తోందా అని. చిన్ని అవునని తలూపింది. హార్మోను తగ్గితే ఒంటితోపాటు మనసూ కుంగవచ్చని, రెంటికీ వైద్యముందని ఆవిడ చెప్పింది.

నీ నిద్రను నేను సోమరితనమన్నాను. స్నానం, పూజ కానిదే మాత్ర ముట్టనివ్వలేదు. శనివారం ఉపవాసమని ఆ మాత్ర కూడా మాన్పించాను.

ఈ ఉదయం చిన్ని మంచం దగ్గరికే మాత్ర తీసుకెళ్లాను.

"ఇంకా నీళ్లు పోసుకోలేదు గదవ్వా! సామి కోప్పడడా?"

"సామితో నేను మాట్లాడుకుంటాలే. నువ్వు మింగు. మళ్లీ ఆ ఆలోచన వచ్చినాదా?"

"వచ్చినాది."

తిట్టలేదు, రమ్యా. డాక్టరమ్మకు ఫోన్ చేసి, అది మళ్లీ నిద్రపోయేదాకా పక్కనే కూర్చున్నాను.

మీ అవ్వ