నీ కవరు మీది నంబరు

అన్నా,

చైనా యుద్ధం నుంచి నువ్వు తిరిగి రాలేదు. నీ ఆఖరి ఉత్తరాన్ని కవరుతో సహా నా స్టాంపుల ఆల్బంలో దాచాను కానీ, నిన్ను క్షమించలేదు.

చలికాలం వస్తోందని అమ్మ నీకు గొంగడి పంపుతానంది. "ఈడ ఒకటే ఉక్కపోత, గొంగడి పంపకుర్రి" అని నువ్వు రాశావు. బిజినేపల్లిలో అమ్మకు అది చదివి వినిపించింది నేనే.

"మంచిదే బిడ్డా, సలికి పరేషాన్ అయితలేడు" అంది అమ్మ.

తోటి సిపాయిల ముందు మన గొంగడి నీకు నామోషీ అయిందనుకున్నాను. అరవై ఏళ్లుగా అదే కోపం.

యుద్ధకాలపు సైనిక తపాలా ఎలా మొదలైందో వెతుకుతూ, నిన్న గద్వాలలో నాలాగే స్టాంపులు సేకరించే మిత్రుడికి నీ ఉత్తరం చూపించాను. సిపాయిలు తామున్న చోటు రాయకూడదు. తపాలా ముద్రలోని నంబరే ఆచూకీ. అతను భూతద్దం పెట్టి, పాత జాబితాతో పోల్చి చూశాడు.

"ఏంది సారూ, ఇది లద్దాఖ్ నంబరు. గా మంచుల ఉక్కపోత యాడిది?"

ఇన్ని పుస్తకాలు చదివి ఊళ్లో అందరి తప్పులూ దిద్దాను. ఇది మాత్రం తట్టలేదు. అప్పట్లో మన ఇంట్లో ఉన్నది ఒక్కటే గొంగడి. ఆ చలికాలమంతా అమ్మా నేనూ దాని కిందే వెచ్చగా పడుకున్నాం.