ముందుగదిలో స్పీకర్ డబ్బాలు

దబీర్‌పురా, హైదరాబాదు
నవంబరు 1986, ఆదివారం

శ్రీవారు భిక్షపతి గారికి,

సుశీల నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మ, స్వరూప, నేను వేళకు తిని, కంటినిండా నిద్రపోతున్నాం. దోహాలో మీరు కూడా అట్లాగే ఉన్నారని వినాలని రోజూ అనుకుంటున్నాం.

పోయిన ఉత్తరంలో మీరు అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. అత్తమ్మ మోకాలు చలికి పట్టేస్తున్నది, అయినా చార్మినార్ దాకా నడిచిపోయి గాజులు బేరమాడటం మానలేదు. స్వరూపకు ఎక్కాలు వచ్చేశాయి, కానీ చేతిరాత మీదే. ఒక్క అక్షరం నిలబడదు. వంటింటి కప్పు వానాకాలంలో ఒక్కచోటే కారింది, దాన్ని బాగు చేయించాను. ఇల్లు ఎట్లా ఉన్నదని అడిగారు. ఈమధ్య చాలా చప్పుడుగా ఉన్నది. ఆ సంగతే వివరంగా రాస్తాను.

మీ గదిలోనే ఉండే గఫార్ భాయ్ సెలవు మీద వస్తూ మీరు పంపిన టేపు డెక్కు, ఆంప్లిఫైయరు, మీ మాటలు నింపిన క్యాసెట్టు జాగ్రత్తగా తెచ్చి ఇచ్చాడు. డెక్కుకు స్పీకర్లు లేవు కాబట్టి మీ క్యాసెట్టును ఆ రోజే పక్కింటి రుక్మాబాయి అక్క చిన్న టేప్‌రికార్డర్‌లో పెట్టుకొని విన్నాం. "నేను మంచిగున్న. ట్యాంకుల పని తప్పించి స్టోర్ల కూసోపెట్టిన్రు. రూములో కూలర్ ఉన్నది" అని మీరు అంటుంటే అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ డబ్బా గొంతులో అందరూ జలుబు చేసినట్టే మాట్లాడతారు. మీ గొంతు కూడా అట్లాగే వినిపించింది. మాకేమీ అనుమానం రాలేదు.

స్పీకర్లు బరువు కాబట్టి ఇక్కడే కొనమని, టీవీ చప్పుడు కూడా వాటిలోనే వచ్చేటట్టు పెట్టించమని చెప్పారు కదా. "సెలవుకు వచ్చేసరికి మన ముందుగది టాకీసు కావాలె" అన్నారు. దబీర్‌పురా దర్వాజా దగ్గర రేడియో దుకాణం పెట్టుకున్న మీ దోస్తు సీతారామన్నను వెంట తీసుకొని కోఠీకి వెళ్ళాను.

ఇక్కడ ఒక తప్పు చెప్పాలి. మీరు చెప్పిన, లావు చప్పుడుకు పెద్ద వూఫర్ ఉన్న జత నేను కొనలేదు. దుకాణం అతను దానికే ముందు కనెక్షన్ ఇచ్చాడు. తబలా మోగితే గాజు బీరువా తలుపులు గడగడలాడాయి.

"దేఖో అమ్మా, క్యా బేస్ హై! గల్లీ మొత్తం వినాలె," అన్నాడు.

"గల్లీకి ఎందుకన్నా? మా ఇంట్ల ముగ్గురమే," అన్నాను.

మనిషి మాట వినిపించమని అడిగాను. రేడియో వార్తలు పెట్టాడు. పెద్ద డబ్బాలో వార్తలు చదివే ఆయన బావిలో నిలబడి మాట్లాడినట్టుంది. పక్కనే ఇంకో జత ఉంది. అందులో వూఫర్ కొంచెం చిన్నది, పైన సన్న చప్పుళ్ళకు ట్వీటర్. దానికి మార్చగానే ఆయన గది లోపలికి వచ్చి కూర్చున్నట్టయింది. చదివేముందు ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది. సీతారామన్న నా వైపు చూసి, "వదినా, భిక్షపతి పెద్దది తెమ్మన్నడు, మరి కోపం చేస్తడేమో," అన్నాడు. "చేస్తే నేను పడతా," అని చిన్న జతనే తెచ్చాను. చిన్నదంటే మరీ చిన్నదేం కాదు. రిక్షాలో ఒక్కో డబ్బా పక్కన ఒక్కరే పట్టారు.

తెచ్చిన రోజు ఆత్రం కొద్దీ రెండు డబ్బాలూ గోడకు ఆనించి, చెరో మూల నేల మీదే పెట్టేశాం. ఆదివారం సాయంత్రం టీవీలో సినిమా. గల్లీలో సగం మంది మన గదిలోనే ఉన్నారు. నాయకుడు తలుపు మీద కొడితే మన తలుపే కొట్టినట్టుంది. అత్తమ్మ లేచి వెళ్ళి గొళ్ళెం తీసి చూసింది కూడా. అందరూ నవ్వారు.

మర్నాడు పొద్దున రుక్మక్క ఖాళీ చెంబు పట్టుకొని వచ్చింది. మన ముందుగది గోడ అవతల ఆమె బర్రెల కొట్టమే కదా.

"సుశీలా, నిన్నటి సంది నా బర్రె సేపుతలేదు, చుక్క పాలిస్తలేదు. మీ డబ్బా దుంకుతుంటె గోడ ఒణుకుతున్నది. అది బెదిరి నన్ను తన్నవోయింది. గా లొల్లి గిట్లనే ఉంటే నేనేం గావాలె?" అన్నది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె ఇల్లు గడిచేదే ఆ రెండు బర్రెల మీద. వెంటనే సీతారామన్నకు కబురు పెట్టాను. ఆయన మధ్యాహ్నం భోజనానికి దుకాణం మూసి నేరుగా మనింటికి వచ్చాడు.

గోడ మూలకు పెడితే లావు చప్పుడు రెండింతలవుతుందట, నేల మీద పెడితే నేలా గోడా కలిసి మోగుతాయట. టీవీనీ డబ్బాలనూ ఎదుటి గోడ వైపుకు మార్చి, డబ్బాలను గోడకు మూరెడు దూరం జరిపాం. కింద ఇటుకలు పేర్చి, వాటి మీద పాత టైరు ముక్కలు వేసి డబ్బాలు ఎక్కించాం. ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు వచ్చింది. తర్వాత గది మధ్యలో అత్తమ్మను పీట మీద కూర్చోబెట్టి, మాట ఎటునుంచి వస్తున్నదో అడుగుతూ రెంటినీ కొద్దికొద్దిగా ఆమె వైపు తిప్పాడు. "నడిమిట్లకెళ్ళి వస్తున్నదిరా, టీవీలకెళ్ళే వచ్చినట్టు," అని అత్తమ్మ అన్నాకే వదిలాడు. రుక్మక్క కొట్టంలోకి పోయి గోడ మీద అరచెయ్యి పెట్టి చూసి, "ఇగ ఫికర్ లేదు," అని కేకేసింది. బర్రె ఆ పూటే పాలిచ్చింది.

ఇప్పటిదాకా రాసిందంతా నిజమే. కానీ అసలు మాట రాయడానికి చెయ్యి రాక ఇంతసేపు స్పీకర్ల గురించి రాశాను. ఇక దాచను.

అంతా కుదిరాక సీతారామన్న, "మనకు తెలిసిన మనిషి గొంతు పెట్టు వదినా. సెట్టింగు సరిగ్గున్నదో లేదో అప్పుడు తెలుస్తది," అన్నాడు. మీ క్యాసెట్టే పెట్టాను.

మీరు మా ముందే కూర్చొని మాట్లాడినట్టు అనిపించింది. స్వరూప పేరు మీరు పలికినప్పుడు, బడికి పోయిన పిల్లను పిలవబోయాను. కానీ మీ మాటల వెనక సన్నగా ఆగకుండా ఒక దడదడ వినిపిస్తున్నది. సీతారామన్న కనుబొమ్మలు ముడిచాడు. "కరెంటు హమ్ వస్తున్నది, ఎక్కడనో ఎర్తింగు దెబ్బతిన్నది," అంటూ తీగలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. దడదడ పోలేదు. మన దగ్గరున్న భజన క్యాసెట్టు పెట్టాడు. గది నిశ్శబ్దంగా ఉంది, పాట తప్ప ఇంకేమీ లేదు. మళ్ళీ మీది పెట్టాడు. మళ్ళీ అదే దడదడ.

"గిది డబ్బాది కాదు వదినా. క్యాసెట్లనే ఉన్నది. జనరేటర్ చప్పుడు గిట్లనే ఉంటది. ఆడు జనరేటర్ పక్కపొంటి కూసోని మాట్లాడిండు," అన్నాడు.

"కూలర్ రూమన్నడు గద?" అన్నాను. ఆయన చప్పుడు కొంచెం పెంచాడు.

అప్పుడు రెండు మాటల మధ్య ఇంకో చప్పుడు వచ్చింది. సన్నగా, ఈల వేసినట్టు. సీతారామన్న ట్వీటర్ దగ్గరికి వంగి, "గిదేంది, స్పీకర్ కోన్ చినిగిందా?" అన్నాడు.

అత్తమ్మ పీట మీద నుంచి లేచింది. "మిషన్ గాదురా బిడ్డా. నా కొడుకు ఊపిరి అది," అన్నది.

చిన్నప్పుడు మీకు దమ్ము లేచి ఊపిరాడేది కాదట కదా. చలికాలంలో అత్తమ్మ మిమ్మల్ని గుండెల మీద పడుకోబెట్టుకొని కూర్చునేదట. ఆ సంగతి మీరు నాకెప్పుడూ చెప్పలేదు. ఆమె నడిచిపోయి డబ్బా ముందు కూలబడి, వూఫర్ మీద గుడ్డకు అరచెయ్యి ఆనించింది. మీ మాటకు ఆ గుడ్డ కదులుతున్నది. ఛాతీకి నూనె రాసినట్టు పైనుంచి కిందికి నిమరడం మొదలుపెట్టింది. మేమెవరం ఆపలేదు. మీరేమో లోపలినుంచి, "అవ్వా, నా గురించి ఫికర్ చెయ్యకు," అంటున్నారు.

చివర మీరు బటన్ నొక్కేముందు దూరంగా ఇంకో గొంతు వినిపించింది. చిన్న టేపులో అది గరగరలో కలిసిపోయింది. ఇందులో స్పష్టంగా తెలిసింది. గఫార్ భాయ్ గొంతు. "కబ్ తక్ ఛుపాతే మియా? ఘర్ కో బోల్ దేవ్ నా." ఎంతకాలం దాస్తావు, ఇంటికి చెప్పెయ్యరాదా అని.

మర్నాడు అత్తమ్మా నేనూ బస్సెక్కి చాంద్రాయణగుట్టలో గఫార్ భాయ్ ఇంటికి వెళ్ళాం. చాయ్ తాగమన్నాడు. అత్తమ్మ కప్పు ముట్టలేదు.

"నా కొడుకు ఎట్లున్నడు?" అని అడిగింది.

"అచ్ఛా హై అమ్మా, మస్తు మంచిగున్నడు," అన్నాడు నేల వైపు చూస్తూ.

"నా మొకం చూసి చెప్పు నాయనా. ఆని ఊపిరి నేను విన్న."

గఫార్ భాయ్ తన కప్పు కింద పెట్టాడు. తర్వాత కళ్ళు తుడుచుకొని, "క్యా బోలూఁ అమ్మా, ఇంట్ల చెప్పొద్దని నాతోని కసం తీసుకున్నడు," అని ఒట్టు సంగతి మొదలుపెట్టి అంతా చెప్పాడు. స్టోరు పని అబద్ధమట. ఇప్పటికీ ట్యాంకుల లోపలికి దిగి రంగు వేస్తూనే ఉన్నారట. మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కుతున్నారట. కంపెనీ డాక్టరు ఛాతీ చూసి ఇంటికి పొమ్మన్నాడట. మీరే బతిమాలి, ఒప్పందం ముగిసేదాకా ఉంటానని సంతకం పెట్టారట. జనరేటర్ పక్క గదిలో ఎవరూ పడుకోరు కాబట్టి, మీ దగ్గుకు మిగతావాళ్ళ నిద్ర చెడొద్దని మీరే అక్కడికి మారారట. మీ వెంట ఆయన కూడా మారాడట.

ఇంటికి తిరిగి వచ్చే బస్సులో నాకు మీ మీద కోపం వచ్చింది. దాచినందుకు కాదు. మీరు రొప్పుతూ సంపాదించిన దానితో నేను తబలా మోత బాగుందా, మాట బాగుందా అని దుకాణంలో నిలబడి ఎంచుతున్నాను. ఆ గదిలో కూర్చొని సినిమా చూసి నవ్వాను. మీరు నన్ను అట్లా నవ్వనిచ్చారు. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు. మీరు ఎదురుగా ఉంటే పోతుంది.

మేం నిర్ణయించుకున్నాం. మీ ఒప్పందం ముగిసేదాకా మేం ఆగం. డాక్టరు మాటే మా మాట. వచ్చాక ఏం చెయ్యాలని మీరు అడుగుతారు, నాకు తెలుసు. సీతారామన్న, "నా దుకాణంల కుర్చీ ఖాళీగనే ఉన్నది, తీగలు అతికే పని కూసోనే చెయ్యొచ్చు," అన్నాడు. నేను కుట్టుమిషను పని మొదలుపెట్టాను, రుక్మక్క చుట్టాలే బట్టలు తెచ్చిస్తున్నారు. మీ ఛాతీ బాగయ్యాక మీ పని మీరే చూసుకోవచ్చు. ముందు ఎర్రగడ్డ ఛాతీ దవాఖానాలో చూపిద్దాం. పేరు రాయించడానికి ఏమేం కావాలో కనుక్కొని వచ్చాను.

ఈ ఉత్తరం టపాలో వెయ్యడం లేదు. గఫార్ భాయ్ రేపు బయలుదేరుతున్నాడు, ఆయన చేతికే ఇస్తున్నాను. మీరు చదివేటప్పుడు ఎదురుగా కూర్చుంటానని, మీరు కాయితం మడిచి జేబులో పెట్టుకోకముందే ఇంటికి వస్తానని చెప్పించడానికి కంపెనీ ఆఫీసుకు తీసుకుపోతానని అత్తమ్మ చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. మీకు వేసిన ఒట్టును ఆమెతోనే తీసి గట్టున పెట్టించుకున్నాడు. కాబట్టి ఆయన మీద కోపగించుకోకండి.

స్వరూపకు ఏమీ చెప్పలేదు, బాపు వస్తున్నాడని మాత్రం చెప్పాను. ఏమేం తెమ్మని రాయాలో తన కోరికలు వరసగా చెప్తుంటే, అత్తమ్మ తమలపాకు నములుతూ విన్నది. ఆ తర్వాత నాతో, "ఆనికి నా మాటగ రాయి," అన్నది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"ఏం సామాన్ తేవద్దను. పెట్టె ఆడనే ఇడిసిపెట్టి రమ్మను. ఆడు తనను తాను తెచ్చుకుంటే చాలు."

మీరు బొంబాయి బండి దిగే నాంపల్లి స్టేషనుకు ముగ్గురం వస్తాం.

ఇట్లు,
మీ రాక కోసం కోపంతోనూ ప్రేమతోనూ చూస్తున్న
మీ భార్య
సుశీల