ఠాణా వెనుక కట్టేసిన మా గృహప్రవేశపు ఆవు

గౌరవనీయులైన జిల్లాధికారి గారి సముఖమునకు,
కోలారు.

అర్జీదారు: మునిశామప్ప, పాడిరైతు, హొన్నకుప్పం, కోలారు జిల్లా.
రాసినది: అర్జీదారు కుమార్తె నేత్రావతి.

విషయం: సస్పెండైన డీఎస్పీ పురుషోత్తమ్ గారి సొత్తు కింద జప్తు చేసి, హొన్నకుప్పం ఠాణా వెనుక కట్టివేసిన బెళ్లి అనే మా నాటు ఆవును మాకు తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

ఈ అర్జీని తెలుగులో రాస్తున్నందుకు మన్నించగలరు. ఇంతకుముందు కన్నడంలో రెండు అర్జీలు ఇచ్చాము. పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది. తమరు తెలుగు చదవగలరని తమ కార్యాలయంలో చెప్పారు. మరొక కారణం, కింద పడే వేలిముద్ర మా నాయనది. తనకు అర్థం కాని కాగితం మీద ఆయన ఒకసారి వేలిముద్ర వేసి ఉన్నారు. అందుకని ఈసారి ఒక్కొక్క వాక్యం చదివి వినిపించి, ఆయన సరే అన్నాకే తరువాతి వాక్యానికి పోతున్నాను.

1. కొత్త ఇళ్ల గృహప్రవేశాలకు ఆవును, దూడను తోలుకొని పోవడం మా నాయన జీవనాధారం. ఇంటివాళ్ల కంటే ముందు ఆవు గడప దాటాలి కదా. ఆండర్సన్‌పేటలో, మారికుప్పం స్టేషను చుట్టుపక్కల, బంగారు గని క్వార్టర్లు వదిలి సొంత ఇల్లు కట్టుకున్న ఎన్నో కుటుంబాల ఇళ్లలో మొదట కాలు పెట్టింది మా బెళ్లి. నున్నటి బండల మీద వేరే ఆవులు బెదిరి జారతాయి. బెళ్లి జారదు. బెల్లం పెట్టిన రాగిముద్ద చేతిలో పట్టుకొని మా నాయన ముందు నడిస్తే, అది వెనుకనే వస్తుంది. దాని ఎడమ కొమ్ము కంటి వైపుకు వంగి ఉంటుంది. ఈ గుర్తును తమరు జ్ఞాపకం పెట్టుకోవలెనని ప్రార్థన.

2. సదరు పురుషోత్తమ్ గారు మొదట ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. అప్పట్లో ఠాణా వెనుక, కేసుల్లో పట్టుకున్న టేకు దుంగలు మనిషెత్తు దొంతరగా ఉండేవి. దొంతర తగ్గుతూ వచ్చింది. ఊరి చివర ఆయన ఇంటికి ద్వారబంధాలు, తలుపులు లేచాయి. ఊరంతా చూసింది. తరువాత ఊరంతా అదే ఇంటికి పోయి భోజనం చేసి వచ్చింది.

ఆ గృహప్రవేశంలో బెళ్లి హాలు మధ్యలో నిలబడి మూత్రం పోసింది. మహా శుభమన్నారు పురోహితులు. మరుసటి నెలలో ఆయనకు పదోన్నతి వచ్చింది. డీఎస్పీ అయ్యి మా చుట్టుపక్కల ఠాణాలన్నిటికీ పెద్ద అయ్యారు. పైవారికి ఆయన ఏమేమి సమర్పించుకున్నారో మాకు తెలియదు. ఆయన మాత్రం అది ఆవు మహిమ అని నమ్మారు.

3. వెంటనే మా నాయనను పిలిపించారు. నేనూ వెంట వెళ్లాను.

"ఏమప్పా మునిశామప్పా, ఈ ఆవు ఇంగ ఎవురింటికీ పోకూడదు. దీని అదృష్టం ఊరంతా పంచేస్తే నాకేం మిగుల్తాది?"

"సారూ, మా కూడే ఇది."

"గంధపుచెక్కల కేసులో ఒక మనిషి తక్కువగా ఉండాడు. నీ పేరు బాగానే ఉండాది. ఆలోచించుకో."

మా నాయన ఆలోచించుకోలేదు. ఆ సాయంత్రమే ఆవును, దూడను ఊరి చివర ఆయన కొత్త బంగళా పెరట్లో కట్టి వచ్చారు. ఇంటికి వచ్చి, "పెద్దోళ్ల ఇంట్లో ఉంటే దానికీ మంచిదే లేమ్మా" అన్నారు. మా అమ్మ మునిలక్ష్మమ్మ ఆ పూట ఆయనకు అన్నం పెట్టలేదు.

4. రెండవ ఇల్లు కోలారు రోడ్డులో లేచింది. కాగితాల్లో అది నగల వ్యాపారి శ్రీకంఠయ్య గారిది. మూడవది సుగటూరు దగ్గర మామిడితోట మధ్యలో. అది శ్రీకంఠయ్య గారి చెల్లెలు విశాలమ్మ గారిది. రెండింటిలోనూ ముందు నడిచింది బెళ్లి. మొదటి ఇంట్లో జరిగిన శుభం ప్రతి ఇంట్లోనూ జరగాలని డీఎస్పీ గారి పట్టుదల. అందుకోసం ముందుగా ఆవు చేత కడుపునిండా నీళ్లు తాగించే డ్యూటీ కానిస్టేబుల్ శశికుమార్ గారికి వేశారు. ప్రభుత్వం జీతమిచ్చే పోలీసుకు వేసిన డ్యూటీ ఇది.

మామిడితోట ఇంట్లో బెళ్లి ఎంతసేపటికీ మూత్రం పోయలేదు. ముహూర్తం దాటుతోంది. పట్టుపంచె కట్టుకున్న పోలీసు పెద్ద ఆవు తోక దగ్గర వంగి, "పోయమ్మా, మా తల్లి గదా, కొంచెం పోయవా" అని బతిమాలుతున్నారు. చుట్టూ ఉన్న పెద్దమనుషులు తలలు వంచుకొని నిలబడ్డారు. అదే సమయంలో, బిడ్డ కనబడలేదని ఫిర్యాదు ఇవ్వడానికి ఠాణా నుంచి ఇక్కడిదాకా వెతుక్కుంటూ వచ్చిన ఒక తల్లి గేటు బయట ఉంది. లోపల ఇదంతా చూసి అప్పుడే బయటికి వచ్చిన నేను ఆమె పక్కనే ఉన్నాను.

"సారు యాడుండాడు తల్లీ? ఏం చేస్తా ఉండాడు?" అని ఆమె నన్ను అడిగింది.

ఆమెను రేపు రమ్మని పంపేశారు. ఆ బిడ్డ తనంతట తానే ఇల్లు చేరింది కాబట్టి సరిపోయింది.

5. బెళ్లి పాలన్నీ బంగళాకే పిండుకున్నారు. దూడ ఫోటోలో కనబడితే చాలు, బతకవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. అది ఎండి ఎండి చచ్చిపోయింది. మా నాయనను పిలిచి, "వాసన వస్తా ఉండాది, తీసకపో" అన్నారు.

ఇక్కడిదాకా వినిపించినప్పుడు మా అమ్మ, "వానికి గారు ఎందుకే? తీసెయ్యి" అన్నది. అర్జీలో మర్యాద తప్పరాదని బళ్లో నేర్పారని చెప్పాను. కానీ అయ్యా, ఆ దూడను మా నాయన భుజాన వేసుకొని రోడ్డు మీద నడిచి రావడం చూసిన తరువాత నాకూ చేయి రావడం లేదు. ఇక్కడి నుంచి ఆయనకు, ఆయనవాళ్లకు గారు అని రాయలేను. మన్నించగలరు.

6. పురుషోత్తమ్ పతనం కూడా ఆవు వల్లనే జరిగింది. బెంగళూరు నుంచి విచారణ అధికారులు వచ్చి ఒకే ఉదయం మూడు ఇళ్లూ సోదా చేశారు. ఆ డీఎస్పీతో తమకు ముఖపరిచయమే తప్ప ఏమీ లేదని శ్రీకంఠయ్య, విశాలమ్మ చెప్పారు. ఆ రెండు ఇళ్ల కాగితాల్లో ఎక్కడా ఆయన పేరు లేదు. కానీ గృహప్రవేశం ఫోటో పెద్దది చేయించి హాల్లో తగిలించుకోవడం మా వైపు ఆచారం. మూడు హాళ్లలోనూ ఫోటో ఉంది. మూడింటిలోనూ కొమ్ము వంగిన ఆవు ఉంది. రశ్మి అనే విచారణ అధికారిణి దాన్ని గమనించి శ్రీకంఠయ్యను అడిగారట.

"ఈ ఆవు ఎవరిదండీ?"

"బాడుగకు తెచ్చినామమ్మా. ఎవురిదో ఏమో."

ఆ మాట అనేసరికి అదే ఆవు డీఎస్పీ బంగళా పెరట్లో నెమరు వేస్తోంది. ఆయన హుకుం లేకుండా అది ఎవరింటికీ కదలదని ఊరంతటికీ తెలుసు. అంతవరకు నోరు విప్పని వాళ్లందరూ ఆ రోజు విప్పారు. నీళ్లు తాగించిన శశికుమార్ గారు కూడా విప్పారు. సాయంత్రానికి పురుషోత్తమ్‌ను జీపులో ఎక్కించారు. ఆయన ఇళ్లల్లో తిన్నవాళ్లే ఠాణా ముందర టపాకాయలు కాల్చారు. నాకు సంతోషం కలగలేదు.

7. మరునాడు బెళ్లిని ఆయన సొత్తుగా జప్తు చేశారు. చెవికి నంబరు బిళ్ల కొట్టి, ఒకప్పుడు టేకు దొంతర ఉన్న చోటే కట్టారు. ఆవు ఎవరిదని అడిగితే మాదని మా నాయన చెప్పారు. కాగితం రాసి వేలిముద్ర వేయించుకున్నారు. ఆవును పురుషోత్తమ్‌కు ఇష్టపూర్వకంగా ఇచ్చానని అందులో ఉందని తరువాత తెలిసింది. ఇప్పుడు మాదంటే లంచమిచ్చిన నేరం మా నాయన మీద పడుతుందట. మాది కాదంటే కేసు ముగిశాక వేలం వేస్తారట. బెదిరించి లాక్కుంటే ఇచ్చినట్టు ఎలా అవుతుందో దయచేసి ఎవరైనా మాకు చెప్పగలరు.

8. బెళ్లి నిండు చూలుతో ఉంది. ఎండకు, వానకు నీడ లేదు. మా నాయన రోజూ గడ్డిమోపుతో పోతారు. కేసు సొత్తును ముట్టరాదని గోడ ఇవతలే నిలబెడతారు. ఆయన గోడ మీదుగా గడ్డి విసురుతారు. అది అందినంత తింటుంది, అందనిది చూస్తుంది. ఒక దూడను ఆ బంగళాలో పోగొట్టుకున్నాము. రెండవది ఠాణాలో పోతే మా నాయన మనిషిగా ఉండరు.

కావున, ఎప్పుడు పిలిస్తే అప్పుడు సాక్ష్యానికి తెస్తామని మా నాయన చేత రాయించుకొని, ఆవును మా కొట్టానికి పంపించవలెను. మా నాయన ఇచ్చినవారు కాదు, పోగొట్టుకున్నవారు అని రికార్డులో దిద్దించవలెను. పై సంగతులన్నీ ఓపికతో చిత్తగించి, ఆవు ఈనే లోపల ఉత్తర్వు దయచేయవలెను.

తమ విధేయుడు,
మునిశామప్ప (ఎడమ బొటనవేలి ముద్ర)

ఆయన మాటగా రాసి, చదివి వినిపించిన తమ విధేయురాలు,
నేత్రావతి

తాజా కలం: కవరు అంటించే లోపలే బెళ్లి ఈనింది. ఆడదూడ. ఠాణా బండల మీదనే. ఇద్దరూ క్షేమం. ఆ కబురు చెప్పడానికి కానిస్టేబుల్ శశికుమార్ గారే మా ఇంటికి వచ్చారు. మా అమ్మ సంతోషంతో టీ పెట్టి ఇచ్చింది. సగం తాగి ఆయన అసలు సంగతి చెప్పారు.

"మునిశామన్నా, కొత్త డీఎస్పీ సారు ఇల్లు కట్టినాడు. ఈ శుక్రవారం గృహప్రవేశం. ఆవూ దూడా ఎట్లాగూ ఠాణాలోనే ఉండాయి గదా. నువ్వొచ్చి తోలితే చాలు. వేరేవాళ్లు పట్టుకుంటే అది నడవదు."

పచ్చిబాలింత ఆవు, అన్నాను నేను. కొంచెం దూరమే అన్నారు. ఒక్క పూటకు జప్తు అడ్డం రాదా అన్నాను. సారు చూసుకుంటాడన్నారు. మా నాయన ఎప్పటి లాగే తల వంచుకొని కూర్చొని ఉన్నారు. సరే అంటారనే అనుకొని మా అమ్మ ముఖం తిప్పుకున్నది. ఈసారి ఆయన తలెత్తి అడిగారు.

"సారూ, ఆ ఇల్లు ఎవురి పేరు మీద ఉండాది?"

శశికుమార్ గారు సగం టీ గ్లాసు కింద పెట్టి, టోపీ పెట్టుకొని వెళ్లిపోయారు. ఇక ఏమి జరుగుతుందో మాకు తెలియదు. ఈ ప్రశ్న కూడా అర్జీలో చేర్చమని మా నాయన అన్నారు. చేర్చాను. చదివి వినిపించాను. సరే అన్నారు.