మేకు లేని దుకాణం

అల్లుడు ప్రభుదాసుకు, ప్రభువు కాపుదలలో ఉన్నావని నమ్మి మీ మామ రాసేది.

ఖాజాగూడలో మీరు పెట్టబోయే బట్టల దుకాణం చూశాను. వెదురు అరలు, జనపనార తెరలు, నేలకు ఈతచాపలు, అందంగానే ఉంది. కానీ ఎక్కడా మేకు లేదు, అన్నీ తాళ్ల కట్లే. అడిగితే మా దీవెన నవ్వింది.

"వెదురుకు మేకు కొడితే పగుల్తది నాయినా. గింతదానికి పరేషాన్ ఎందుకు?"

నాకు పరేషానే. బైబిలు నిర్గమకాండంలో దేవుణ్ణి ఆరాధించే ప్రత్యక్షపు గుడారాన్ని విప్పి మోసుకుపోయేటట్టే కట్టారు, ఎందుకంటే వాళ్లు ఎడారి దాటిపోయే జనం, అక్కడ ఉండేవాళ్లు కారు. దానికైనా ఇత్తడి మేకులున్నాయి. మొన్న నువ్వు ఫోనులో, "విప్పితే ఒక్క లారీలో గుంటూరు వచ్చేస్తుందన్నయ్యా" అంటుంటే నేను గడపలోనే ఉన్నాను. రేపు తెలంగాణ రాష్ట్రం వస్తే మీ ఊరికి వెళ్లిపొమ్మని నిన్నెవరైనా అన్నారా? వాడి పేరు చెప్పు, వాడితో నేను మాట్లాడతాను. ఎవరూ అనకపోతే, నా బిడ్డను ఎక్కడికి తీసుకుపోవడానికి ఈ కట్లు?

ద్వారబంధం టేకుది, అది పగలదు. ఆదివారం ప్రారంభ ప్రార్థనకు వస్తూ నాలుగంగుళాల మేకు తెస్తాను. దిట్టమైన చోట మేకు కొట్టినట్టు స్థిరపరుస్తానని యెషయా గ్రంథంలో దేవుడే అన్నాడు. సుత్తి మాత్రం నీ చేతిలో పెడతాను. నువ్వు కొట్టేదాకా ప్రార్థన మొదలుపెట్టను.