దగ్గుకు కూలి

కొరీన్ వదినకు,

మీ ఆయన వెండెల్ ఇంట్లో చెప్పి ఉండడు, అందుకే రాస్తున్నాను. మేమిద్దరం ఒకే లారీకి డ్రైవర్లం. ఒకరు నడుపుతుంటే మరొకరు వెనక పడుకుంటాం. బండి తిరిగిన మైళ్ళన్నిటికీ వచ్చే జీతం చెరిసగం.

పోయిన వారం వయోమింగ్ మంచులో నాకు జ్వరం వచ్చి లేవలేకపోయాను. నెబ్రాస్కా దాటేదాకా ఆయనొక్కడే నడిపాడు. కంపెనీ మాత్రం ఎప్పటిలాగే సగం నాకు వేసింది. తిరిగి ఇవ్వబోతే కసిరాడు.

"దారంతా దగ్గి దగ్గి నాకు కునుకు పట్టకుండా కాశావు కదరా! ఆ కూలి ఎవడిస్తాడు?"

ఆ డబ్బుతోనే అద్దె కట్టాను. ఇల్లు ఖాళీ చేయాల్సిన పని లేకుండా మా పిల్లలు ఇంకా అదే ఇంట్లో ఉన్నారు. మీ ఇంటికి చేరాల్సిన సొమ్మది, మీకు తెలియాలి.

ఆయన ఇంటికొస్తే మధ్యాహ్నం దాకా లేపకండి, వదినా.

మీ ఆయన బండిలో రెండోవాడు